బాక్స్ కెమెరాలో 120 ఫిల్మ్: ఎక్కించడం, తీయడం

బాక్స్ కెమెరా అంటే పెట్టె ఆకారంలో ఉండే సాదా పాత ఫిల్మ్ కెమెరా. 120 అంటే వెనక కాగితంతో కలిపి స్పూలుకు, అంటే కండెకు, చుట్టి వచ్చే వెడల్పు ఫిల్మ్. ఈ కెమెరాలో ఫోకస్ తిప్పే పని ఉండదు. ఎపర్చరు, అంటే వెలుతురు లోపలికొచ్చే రంధ్రం, ఎఫ్/11, ఎఫ్/16 ప్రాంతంలో ఉంటుంది, షట్టర్ వేగం సెకనులో 30 నుంచి 50వ వంతు. మిగతాదంతా వెలుతురు, దూరం, చేతి నిలకడే.

ముందు ఖాళీ కెమెరా చూడండి. వెనక మూత తీసి, లెన్స్‌ను వెలుతురుకు పెట్టి మీట నొక్కితే వెలుగు ఒక్కసారి మెరిసి పోవాలి. తెరుచుకునే ఉండిపోతే, షట్టర్‌ను తెరిచి ఉంచే బి లేదా టి పట్టీ బయటికి లాగి ఉందేమో చూడండి, చాలాసార్లు కారణం అదే. షట్టర్‌కు నూనె మాత్రం వేయొద్దు, రేకులు అతుక్కుపోతాయి. వ్యూఫైండర్ అద్దాన్ని రుద్దొద్దు, పాత పూత గుడ్డకే ఊడొస్తుంది.

లోపల 620 అని ఉంటే ఫిల్మ్ వెడల్పు 120దే గానీ స్పూలు సన్నం. 120 ఫిల్మ్‌ను కటిక చీకట్లో 620 స్పూలుకు చుట్టుకోవాలి, కాబట్టి కెమెరాతో వచ్చిన ఖాళీ స్పూలును పారేయకండి.

ఫిల్మ్ నీడలోనే ఎక్కించండి. కాగితం నల్లవైపు లెన్స్‌కు ఎదురుగా ఉండాలి. కొనను ఖాళీ స్పూలు గాడిలో దూర్చి, రోల్‌ను బొటనవేలితో అదిమిపట్టి రెండు చుట్లు తిప్పండి. కాగితం రెండంచులకూ సమంగా చుట్టుకోవాలి. వదులైతే అంచుల్లోంచి వెలుతురు దూరి ఫొటో పక్కల తెల్లటి చారలు పడతాయి. మూత వేసి, ఎర్ర కిటికీలో 1 కనబడే దాకా నెమ్మదిగా తిప్పండి.

ఆ కిటికీ, ఎరుపు సోకని ఆర్థోక్రొమాటిక్ ఫిల్మ్ కాలం నాటిది. ఇప్పటి పాంక్రొమాటిక్ ఫిల్మ్‌కు ఎరుపూ సోకుతుంది. అందుకే కిటికీ మీద నల్ల టేపు వేసి, తిప్పేటప్పుడు మాత్రం నీడలో ఎత్తండి.

ఫిల్మ్ వెలుతురుకు ఎంత త్వరగా స్పందిస్తుందో చెప్పే అంకె ఐఎస్ఓ. ఎండలో ఐఎస్ఓ 100, మబ్బు పట్టినప్పుడు 400. నెగెటివ్ ఫిల్మే వాడండి, వెలుతురు ఒకటి రెండు స్టాపులు (ఒక్కో స్టాపు అంటే రెట్టింపు) ఎక్కువైనా తట్టుకుంటుంది, నేరుగా అసలు రంగుల బొమ్మ ఇచ్చే స్లైడ్ ఫిల్మ్ తట్టుకోదు. మనిషి 3 మీటర్ల దూరంలో, ఎండ మీ వెనక నుంచి పడేలా నిలబడండి. కెమెరాను పొట్టకు ఆనించి, ఊపిరి బిగబట్టి మీటను మెల్లగా నెట్టండి. విసురుగా నెడితే కెమెరా కదిలి ఫొటో మసకబారుతుంది, వీటిలో చెడే ఫొటోలు ఎక్కువగా ఇలాగే చెడతాయి.

కొన్ని మోడళ్లలో మీట కిందికి నెడితే ఒక ఫొటో, పైకి నెడితే ఇంకొకటి. తిరిగి యథాస్థానానికి తేవాలని నెట్టారంటే అదే ఫ్రేం మీద రెండో బొమ్మ పడుతుంది. తీసిన వెంటనే తర్వాతి అంకెకు తిప్పేయండి.

ఒక రోల్‌కు, ఫ్రేం 6×9 సెం.మీ. అయితే 8, 6×6 అయితే 12 ఫొటోలు. ఆఖరిది తీశాక కిటికీలో కాగితం కొస దాటే దాకా తిప్పి, నీడలో తీసి, చుట్టు వదులు కాకుండా కొస మడిచి జిగురు పట్టీ అంటించండి.