స్కాన్ రిపోర్టు చదవడం నేర్చుకుందాం – 5వ పాఠం: గర్భసంచి ఆకారం

పోయిన పాఠంలో వారాల లెక్క, కాన్పు తేదీ చూసుకున్నాం. ఈసారి చాలామంది చదవకుండా దాటేసే వరుస, గర్భసంచి ఆకారం. అక్కడ ‘నార్మల్’ అని ఉంటే కిందికి వెళ్ళిపోండి. ‘సెప్టేట్’, ‘బైకార్నుయేట్’, ‘యూనికార్నుయేట్’ అని ఉంటే ఆగండి. ఇవి పుట్టుకతో వచ్చిన తేడాలు. నూటికి అయిదారుగురు ఆడవాళ్ళకు ఏదో ఒకటి ఉంటుందని అంచనా. చాలామందికి ఆ సంగతే తెలియకుండా కాన్పులు అయిపోతాయి.

ఆడపిల్ల తల్లి కడుపులో ఉండగానే రెండు గొట్టాలు కలిసి ఒక సంచి అవుతాయి. రెండు పిల్లకాలువల్ని కలిపి మధ్య గట్టు తీసేస్తారు చూడండి, అలా. కాలువలు పైన కలవకుండా ఆగిపోతే బైకార్నుయేట్. కలిశాక కూడా గట్టు మిగిలిపోతే సెప్టేట్. ఒక పక్కది సరిగా ఏర్పడకపోతే యూనికార్నుయేట్. రెండూ విడివిడిగానే ఉండిపోతే డైడెల్ఫిస్. ఈ తేడా ఉన్న అమ్మాయి తిన్న బొప్పాయికీ ఎత్తిన బిందెకూ దీనితో ఏ సంబంధమూ లేదు. ఈ మాట అత్తగారి ముందే చెప్పండి.

ఇప్పుడు అసలు పని. రిపోర్టులో ‘ఫండస్’ అనే మాట వెతకండి. అది సంచి పైభాగం. బయటి గీత నునుపుగా ఉండి లోపల అడ్డుపొర (ఇందాకటి గట్టు) ఉంటే సెప్టేట్. బయటి గీతే 1 సెం.మీ. కన్నా లోతుగా నొక్కుకుపోయి ఉంటే బైకార్నుయేట్. ట్యూబుల పరీక్ష ఎక్స్‌రే చూసి ఈ రెండింటినీ విడదీయలేరు, అందులో సంచి లోపలి ఖాళీ తప్ప బయటి గీత కనపడదు. ఆ ఫిల్ము ఒక్కటే చూపించి ఎవరైనా పేరు ఖాయం చేస్తే 3డి స్కాన్ గురించి అడగండి. గర్భం లేనప్పుడు, నెలసరికి ముందు రెండు వారాల్లో తీస్తే సంచి లోపలి గోడకుండే మెత్తటి పూత మందంగా ఉండి బొమ్మ బాగా వస్తుంది.

పేరు తేలితే ఏం మారుతుంది? సెప్టేట్‌లో అబార్షన్ల భయం ఎక్కువ. బైకార్నుయేట్‌లో నెలలు నిండకముందే నొప్పులు రావడం, బిడ్డ ఎదురుకాళ్ళతో ఉండటం ఎక్కువ. సెప్టేట్ అని చెప్పి డాక్టరు ఆ అడ్డుపొర కత్తిరిద్దామంటే వెంటనే తల ఊపొద్దు. 2021లో వెలువడిన ఒక అంతర్జాతీయ పరిశోధనలో 80 మందిని చూస్తే, ఆపరేషన్ చేయించుకున్నవాళ్ళలో నూటికి 31 మందికి, చేయించుకోనివాళ్ళలో 35 మందికి బిడ్డ దక్కింది. పరిశోధన చిన్నది, వాదన ఇంకా తెగలేదు. ‘నా విషయంలో ఎందుకు అవసరం డాక్టరు గారూ’ అని అడగడానికి మాత్రం ఇది చాలు.

అన్నిటికన్నా టెన్షన్ పడాల్సింది యూనికార్నుయేట్ పక్కన ‘రుడిమెంటరీ హార్న్’ అని కనిపించినప్పుడు. సగంలో ఆగిపోయిన ఆ రెండో కొమ్ములో, అంటే సరిగా ఏర్పడని పక్కలో, గర్భం నిలిస్తే, ఎక్కువగా నాలుగు నుంచి ఆరు నెలల మధ్య, అది పగిలి లోపల రక్తం పోతుంది. ప్రాణానికే ముప్పు. అందుకే నెల తప్పగానే, 6–8 వారాల్లోపే, పిండం ఎక్కడ కూర్చుందో స్కాన్‌లో చూడాలి. ఒక కిడ్నీ లేకపోవడం కూడా యూనికార్నుయేట్ ఉన్న కొందరిలో ఉంటుంది కాబట్టి కిడ్నీల వరుస కూడా చదవండి.

ఉదయగిరి, కనిగిరి వైపు మెట్ట ఊళ్ళ నుంచి నెల్లూరుకో ఒంగోలుకో చేరేసరికి గంటలు పడుతుంది. అందుకని రిపోర్టులో ఈ పేర్లలో ఏదైనా ఉన్న గర్భిణిని ప్రతి నెలా 9న పి.హెచ్‌.సి.లో జరిగే పరీక్షకు తీసుకెళ్ళి కార్డు మీద హైరిస్క్ అని రాయించండి. కాన్పు ఏ పెద్దాసుపత్రిలోనో ఏడో నెలకే తేల్చుకోండి. పుట్టిల్లు మారుమూల అయితే ఆచారం ఈసారికి పక్కన పెట్టమని ఇంట్లోవాళ్ళకు చెప్పాలి, కాస్త గొడవైనా సరే.

అభ్యాసం: ‘ఫండస్ బయటి గీత నునుపు. లోపల 2 సెం.మీ. అడ్డుపొర. రెండు కిడ్నీలు ఉన్నాయి.’ ఇది ఏ రకం? రెండుసార్లు గర్భం పోయిన అమ్మాయి ఈ కాగితంతో వస్తే డాక్టరును ఏ రెండు ప్రశ్నలు అడగమంటారు? నోట్‌బుక్‌లో రాసి ఉంచండి. 6వ పాఠంలో జవాబు చూసి, గర్భసంచి మూతి పొడవు కొలతకు వెళ్దాం.