తలకోనకు పిల్లలతో వెళ్తున్నారా? కవర్లు వద్దు, క్యారియర్ పట్టండి

తిరుపతి నుంచి భాకరాపేట మీదుగా తలకోన ఒక్కరోజులో హాయిగా వెళ్లి రావచ్చు. శ్రీవేంకటేశ్వర జాతీయ వనంలో ఉంది, జలపాతం ఎత్తు సుమారు 270 అడుగులు. ఎండాకాలంలో ధార సన్నబడుతుంది కాబట్టి వానలు పడ్డాక, అక్టోబరు, నవంబరుల్లో పెట్టుకోండి. తుపాను హెచ్చరిక ఉంటే మాత్రం మానుకోవడమే మేలు.

అసలు సంగతి కోతులు. చేతిలో ప్లాస్టిక్ కవర్ కనబడితే చాలు, లోపలేముందో చూడకుండానే లాక్కుంటాయి. మొదటిసారి మా పులిహోర పొట్లం అలాగే చెట్టెక్కింది. మా చిన్నది ఏడుపు, మేము పస్తు! అప్పటి నుంచి అన్నం గట్టిగా బిగించిన స్టీలు క్యారియర్‌లో, అది జిప్పున్న బ్యాగులో. చిప్స్ ప్యాకెట్లు కారులో సీటు కింద దాస్తాం, అద్దాలు పూర్తిగా ఎత్తేస్తాం.

తినేది సిద్ధేశ్వరస్వామి గుడి దగ్గర పొద్దున్నే కానిచ్చేసి, ఖాళీ చేతులతో జలపాతం వైపు నడవండి. దారిలో రాళ్లు నాచు పట్టి జారతాయి, పెద్దవాళ్లకు పట్టున్న చెప్పులు వేయించండి. గుండంలో లోతు తెలియదు, ఈత మాట ఎత్తొద్దు. పిల్లలకు ఒక జత బట్టలు ఎక్కువే పెట్టుకోండి, ఎలాగూ తడుస్తారు.