కాలిన కొండకు మందను తోలే ముందు

మాఘం దాటితే చాలు, అనంతపురం, కడప కొండల మీద బోద కసువు ఎండి పెళపెళలాడుతుంది. ఆర్పని బీడీ ముక్క ఒక్కటి పడినా రాత్రికి కొండ అంచున ఎర్రటి గీత కనిపిస్తుంది. కొత్త గడ్డి వస్తుందని కావాలని అంటించేవాళ్లూ ఉన్నారు. రిజర్వు అడవిలో అది నేరం, కేసు పెడతారు. తర్వాత ఒక వాన పడితే నల్లటి నేలలోంచి పచ్చటి పిలకలు లేస్తాయి, జీవాలు అటే లాగుతాయి. కాపరి గట్టిగా ఉండాల్సింది అప్పుడే.

ఆ పిలక వేరులో దాచుకున్న బలంతో లేచింది. ఆకు ఎదిగితేనే ఆ బలం తిరిగి వేరుకు చేరుతుంది. ఈలోపు రెండు మూడు సార్లు కొరికితే దుబ్బు చచ్చిపోవచ్చు. ఒక పోచ పట్టుకుని గట్టిగా లాగండి. దుబ్బే ఊడి చేతికొచ్చిందా, మందను ఆ వైపు తిప్పనే వద్దు. మొద్దుల నుంచి లేచే చిగుళ్లను మేకలు అసలే వదలవు, వాటి మీద ఇంకో కన్ను వేయాలి.

అమెరికా పడమటి రాష్ట్రాల్లో కాలిన ప్రభుత్వ మేత భూములను మామూలుగా రెండు ఎదుగుదల కాలాలు వదిలేస్తారు. మన దగ్గర అంత వీలుకాదు, ఒప్పుకుంటాను. కనీసం గడ్డి గింజ రాలేదాకా, అంటే దాదాపు కార్తీకం దాకా ఆగాలి. ఊళ్లో మందలన్నీ ఒక్క మాట మీద ఉంటేనే ఇది జరిగేది.

మరి అప్పటిదాకా మేత? 30 కిలోల గొర్రెకు రోజుకు సుమారు కిలో ఎండు మేత కావాలి. 50 జీవాలకు ప్రతి రెండు నెలలకూ 3 టన్నులు. వేరుశనగ కట్టె, జొన్న చొప్ప, తుమ్మకాయలు ముందే చూసుకోండి, బూజు పట్టిన కట్టె మాత్రం వేయొద్దు. అంత మేత లేకపోతే ముసలి జీవాలను బక్కచిక్కకముందే సంతకు తోలడం మేలు.

బూడిద కింద మొద్దులు రోజుల తరబడి రగులుతూనే ఉంటాయి. మంద అటు వెళ్లొచ్చిందంటే గిట్టల సందులు చూడండి. కాలిన గిట్ట ఆ రోజే బయటపడదు, వారం పది రోజులకు ఊడొచ్చు. పొగ పీల్చి దగ్గుతున్న వాటిని నెల రోజులు దూరం నడిపించొద్దు. తొలి వానకు బూడిదంతా కుంటలోకి దిగుతుంది, నీళ్లు తేరేదాకా బోరు నీళ్లే తాపండి. కాలిన చోట లాంటానా కంప కూడా త్వరగా చిగురిస్తుంది. ఆకలి మీదున్న జీవం దాన్ని తింటే కాలేయం దెబ్బతిని కామెర్లు వస్తాయి.

ఆకలితో ఉన్న మందను ఒక్కసారిగా లేత పచ్చిక మీద వదిలితే చిటుక రోగం భయం. సాయంత్రం గంతులేసిన పిల్ల తెల్లారేసరికి దొడ్లో పడి ఉంటుంది, అదీ బాగా బలిసినవే ముందు పోతాయి. మందు వేసే టైం కూడా దొరకదు. అందుకే వానలకు ముందే పశువుల ఆసుపత్రిలో టీకా వేయించండి. మొదటిసారి వేసుకునే వాటికి రెండు మూడు వారాలకు ఇంకో డోసు పడాలి. పచ్చికలోకి తోలే రోజుల్లో పొద్దున్నే కాస్త ఎండు చొప్ప వేసి, కడుపు సగం నిండాకే దొడ్డి తడిక తీయండి.