పోటీకి బీరు పంపే ముందు: బెంగళూరు హోమ్‌బ్రూయర్లకు

జడ్జి ముందుకు వచ్చేది ఒక సీసా, దాని మీద ఒక నంబరు, అంతే. బీజేసీపీ (బీరు జడ్జిలకు ప్రమాణాలు పెట్టే సంస్థ) స్కోర్‌షీట్‌లో మొత్తం 50 మార్కులు: వాసనకు 12, రూపానికి 3, రుచికి 20, నోట్లో తగిలే తీరుకు 5, మొత్తం మీద ఎలా ఉందన్నదానికి 10. బీరు తేటగా రాలేదని చాలామంది దిగులుపడతారు, కానీ అక్కడ పోయేది మహా అయితే 3. వాసన, రుచి కలిపితే 32. శ్రమంతా అక్కడ పెట్టండి.

పొయ్యి వెలిగించే ముందు చట్టం సంగతి చూసుకోండి. కర్ణాటక ఎక్సైజ్ చట్టం 1965 ప్రకారం లైసెన్సు లేకుండా మద్యం తయారుచేయకూడదు. పోటీ ఏ అనుమతి కింద జరుగుతోందో, లైసెన్సున్న బ్రూయరీలోనే బ్రూ చేసే వీలుందో నిర్వాహకులను ముందే అడగండి.

ఏ స్టైల్ (బీరు రకం) చేయాలన్నది మీ దగ్గరున్న చల్లదనాన్ని బట్టే తేల్చుకోవాలి. చల్లగా పులియబెట్టే లాగర్ బీరుకు 10–13 డిగ్రీలు కావాలి, కంట్రోలర్ పెట్టిన ఫ్రిజ్ లేనిదే అది కుదరదు. ఏప్రిల్‌లో ఇక్కడ గది వేడి 30 దాటుతుంది, అప్పుడు వేడిని తట్టుకునే సైజాన్ అనే బెల్జియం బీరు మేలు. డిసెంబరు, జనవరిలో వీట్ బీరు బాగా వస్తుంది. వైస్‌బియర్ (జర్మన్ గోధుమ బీరు) అయితే మొదటి గ్రావిటీ (నీళ్లతో పోల్చిన సాంద్రత) 1.044–1.053, చివరిది 1.008–1.014, చేదు 8–15 ఐబీయూ (బీరు చేదుకు కొలమానం) ఉండాలి. పులిసేటప్పుడు డ్రమ్ము లోపల గది కంటే మూడు నాలుగు డిగ్రీలు ఎక్కువే ఉంటుంది. కాబట్టి డ్రమ్మును నీళ్ల టబ్బులో పెట్టి, గడ్డకట్టించిన నీళ్ల సీసాలు పూటకు రెండు మార్చండి. మొదటి మూడు రోజులే కీలకం. అప్పుడు వేడెక్కితే మగ్గిన చక్కెరకేళి వాసన, లవంగం ఘాటు సమంగా రావాల్సిన బీరులో అరటిపండు ఒక్కటే మిగులుతుంది. దాంతోపాటు గొంతులో మండే స్పిరిట్ ఘాటు కూడా దిగుతుంది.

కుళాయి నీళ్లలో క్లోరిన్ ఉంటుంది. అది అలాగే ఉండిపోతే బీరుకు ఆసుపత్రి కట్టు వాసన పడుతుంది, ఆ వాసనను తర్వాత ఏం చేసినా పోగొట్టలేం. 25 లీటర్లకు 0.2 గ్రాముల పొటాషియం మెటాబైసల్ఫైట్ కలిపితే చాలు.

సీసాల్లో నింపే ముందు వెన్న పరీక్ష తప్పకుండా చేయండి. రెండు చిన్న గాజు సీసాల్లో బీరు పోసి మూత పెట్టండి. ఒకదాన్ని 60 డిగ్రీల నీళ్లలో అరగంట ఉంచి, చల్లార్చి, రెండూ పక్కపక్కన వాసన చూడండి. వేడి చేసినదాంట్లో వెన్న పాప్‌కార్న్ వాసన వస్తే ఈస్ట్ పని ఇంకా పూర్తికాలేదన్నమాట. మరో మూడు రోజులు 22 డిగ్రీల దగ్గర ఉంచి మళ్లీ చూడండి.

ఎక్కువ మంది దెబ్బతినేది సీసాల దగ్గరే. 20 లీటర్లకు 2.5 వాల్యూమ్‌ల గ్యాస్ (లీటరు బీరుకు రెండున్నర లీటర్ల కార్బన్ డయాక్సైడ్) రావాలంటే సుమారు 130 గ్రాముల పంచదార పడుతుంది. దాన్ని పావు లీటరు నీళ్లలో అయిదు నిమిషాలు మరిగించి చల్లార్చాలి. ముందు ఖాళీ బకెట్ అడుగున ఆ పాకం పోసి, దాని మీదికి పైపుతో బీరును చప్పుడు లేకుండా దించాలి. గరిటెతో గిలకొడితే గాలి చేరి తడిసిన అట్టపెట్టె వాసన వస్తుంది. అలాగని అసలు కలవకపోతే ఒక సీసా చప్పగా, ఇంకొకటి నురగతో పొంగుతూ ఉంటుంది. జడ్జికి ఆ రెంటిలో ఏది వెళ్తుందో! మూత కింద రెండు మూడు సెంటీమీటర్లు ఖాళీ వదలండి. ఒక ప్లాస్టిక్ సీసా కూడా నింపుకోండి, నొక్కితే రాయిలా తగిలినప్పుడు గ్యాస్ పట్టినట్టు. దానికి రెండు వారాలు పడుతుంది. తర్వాత వారం రోజులు ఫ్రిజ్‌లో నిలువుగా పెడితే మడ్డి అడుగున గట్టిపడుతుంది. మొత్తం మీద వీట్ బీరుకు ఆరు వారాలు లెక్కేసుకోండి. అంతకంటే ముందు చేసి దాచుకుంటే వాసన పల్చబడుతుంది.

ఫారం నింపేటప్పుడు మీరు చేయాలనుకున్న స్టైల్‌ను కాదు, గ్లాసులో ఉన్నదాన్ని రాయండి. ఐపీఏ (హాప్ పువ్వుల ఘాటు ఎక్కువగా ఉండే బీరు) అనుకున్నది హాప్ తగ్గి మెత్తగా వచ్చిందా, దానికంటే తేలికైన పేల్ ఏల్‌లో వేయండి, మార్కులు పెరుగుతాయి. పేరు చెప్పకుండా ఇద్దరు ముగ్గురికి పోసి, ఏ స్టైల్ అనుకుంటున్నారో అడగండి. రాగులు వేస్తే ప్రత్యామ్నాయ ధాన్యాల వర్గం, మూల స్టైల్ కూడా రాయాలి. ధనియాలు, నారింజ తొక్క విట్‌బియర్ అనే బెల్జియం గోధుమ బీరులో మామూలే కాబట్టి వాటికి విడిగా మసాలా వర్గం అక్కర్లేదు. కాఫీ వేశామని రాస్తే జడ్జి కాఫీ కోసం వెతుకుతారు, దొరక్కపోతే మార్కులు కోస్తారు. రుచికి తెలియనిది రాయకండి.

పోటీ నియమాల్లో అడిగిన కొలత సీసాలే పంపండి. ముదురు గోధుమ రంగువే వాడండి, ఆకుపచ్చ గాజులో వెలుతురు తగిలితే హాప్ చెడువాసన కొడుతుంది. గాజు మీద ఏ గుర్తూ ఉండకూడదు, మూత మీద రాత ఉండకూడదు. చీటీని జిగురుతో కాకుండా రబ్బరు బ్యాండుతో కట్టండి. ఒక్కో సీసాను బబుల్ ర్యాప్‌లో విడిగా చుట్టి, పెట్టెను ఊపితే గలగల రానంత బిగుతుగా సర్దండి. అదే బ్యాచ్ సీసాలు రెండు ఇంట్లో ఫ్రిజ్‌లో ఉంచుకోండి. స్కోర్‌షీట్ వచ్చిన రోజు ఒకటి తెరిచి, జడ్జి రాసిన ఒక్కో మాటను గ్లాసుతో పోల్చి చూసుకోవచ్చు.