పెరట్లో గది వేస్తున్నారా? వానలకు ముందే ఇవి చూసుకోండి

ఇంటి వెనక మొక్కల వైపు తెరుచుకునే గది వేసుకోవాలనుకుంటే సంక్రాంతి దాటగానే పని మొదలుపెట్టడం మంచిది. జూన్ మొదటి రెండు వారాల్లో మనకు నైరుతి వచ్చేస్తుంది. కోస్తాలో అయితే అక్టోబరు నుంచి తుపాన్ల టెన్షన్ మళ్లీ మొదలు. మే నెలాఖరుకల్లా స్లాబ్ పడదనిపిస్తే ఈ ఏడాదికి ఆగడమే మేలంటాను. తవ్విన గోతుల్లో నీళ్లు నిలిస్తే ముప్పు పక్కనున్న పాత ఇంటికే.

ముందు ప్లాన్ కాగితం తీయండి. చాలా ఇళ్లలో పెరడు అనుకునేది నిబంధనల ప్రకారం ఖాళీగా వదలాల్సిన సెట్‌బ్యాక్. అది వదిలాక ఎంత మిగులుతుందో లెక్క చూసుకుని, అనుమతి తెచ్చుకున్నాకే మేస్త్రిని పిలవండి.

పాత పునాదికి ఆనుకుని, దానికంటే లోతుగా తవ్వనివ్వకండి. కింది మట్టి జారితే పాత గోడ కుంగుతుంది. గోడ పొడవునా ఒకేసారి కాలువలా తీయొద్దు. ఒక గొయ్యి తీసి, కాంక్రీటు వేసి, అది గట్టిపడ్డాక పక్కది తీయాలి. నల్లరేగడి నేల తడిస్తే ఉబ్బుతుంది, ఎండితే బీటలు వారుతుంది. అలాంటి చోట మేస్త్రి అంచనా చాలదు, స్ట్రక్చరల్ ఇంజినీర్ చూడాల్సిందే.

అన్నిటికంటే ఎక్కువ శ్రద్ధ పెట్టాల్సింది పాత గోడ, కొత్త గోడ కలిసే అతుకు మీద. పాత గోడలో అక్కడక్కడా ఇటుకలు తీసి కొత్త గోడను అందులోకి దూర్చి కట్టేయడం మామూలే. చూడ్డానికి గట్టిగానే ఉంటుంది. కానీ పాత ఇల్లు ఏళ్ల కిందటే కుదురుకుంది. కొత్త పునాది ఒకటి రెండు వానాకాలాలు గడిచేదాకా కొద్దికొద్దిగా దిగుతూనే ఉంటుంది. రెంటినీ కట్టేస్తే సరిగ్గా అక్కడే చీలుతుంది. పుట్టీ పెట్టి రంగు వేసినా వచ్చే ఏడాది మళ్లీ అదే గీత, దాని చుట్టూ చెమ్మ. అందుకే కొత్త గదికి దాని పిల్లర్లు దానికే ఉండాలి. మధ్యలో సుమారు అంగుళం సందు వదిలి మెత్తటి బోర్డు పెట్టి, పైపైన సాగే గుణమున్న సీలెంట్ నింపించండి. సందు మీద తుప్పు పట్టని రేకు కప్పాలి. రేకు ఒక అంచును పాత గోడలో గాడి కొట్టి బిగించి, రెండో అంచును కొత్త స్లాబ్ మీదికి వంచి వదిలేయాలి. రెండు వైపులా బిగిస్తే గోడ కదిలినప్పుడు అది ఊడి వస్తుంది.

పాత డాబా గొట్టాల నీళ్లు కొత్త స్లాబ్ మీద పడకుండా పైపులతో నేల దాకా దించండి. కొత్త స్లాబ్ వాటం పెరటి వైపుకే ఉండాలి. గది గచ్చు బయటి నేలకంటే అడుగున్నర ఎత్తులో ఉంటే వరదనీరు లోపలికి రావడం తగ్గుతుంది.

కొత్త గదిలోకి దారి కోసం పాత గోడ కొట్టే ముందు, స్లాబ్ బరువు ఆ గోడ మీదే ఉందేమో ఇంజినీర్‌తో చూపించండి. ఉంటే ముందు స్లాబ్‌కు ఆసరాగా జాకీలు పెట్టి, దారి పైన బరువు మోసే అడ్డదూలం (లింటెల్) వేశాకే కింది ఇటుకలు తీయాలి.

పెరట్లో బోరు ఉందా? మోటారు చెడిపోయిన రోజున పొడవాటి పైపుల్ని నిలువుగా పైకి లాగడానికి బోరు పైన ఆకాశం ఖాళీగా ఉండాలి. సెప్టిక్ ట్యాంక్ మూత మీద కూడా గది రాకూడదు. వంటింటి కిటికీ మూసుకుపోతుంటే గ్యాస్, పొగ బయటికి పోయే దారి వేరే చూపించండి.

అద్దాలు ఉత్తరం, తూర్పు వైపు పెట్టుకోండి. పడమర గోడకు పెద్ద అద్దాలు పెడితే ఏప్రిల్, మే మధ్యాహ్నాల్లో ఆ గదిలో కూర్చోలేరు. తలకు పైన అద్దం కావాలంటే, పగిలినా ముక్కలు రాలని లామినేటెడ్ రకమే వాడాలి. కరెంటుకు 30 మిల్లీ ఆంపియర్ల ఆర్‌సీసీబీ (కరెంటు లీకైతే వెంటనే సరఫరా ఆపేసే స్విచ్), సరైన ఎర్తింగ్ తప్పనిసరి.

రంగులు వేయకముందే గొట్టంతో అతుకు మీద, కిటికీ అంచుల మీద అరగంట నీళ్లు కొట్టించి, ఒకరు లోపల నిలబడి చూడండి. చెమ్మ కనిపిస్తే మేస్త్రికి మిగతా డబ్బు ఇచ్చేలోపే బాగు చేయించుకోండి.