ఫోనుతో గట్టు కూరలు – 3వ పాఠం: గంగవాయిలి, దాన్ని పోలిన మొక్కలు

మొదటి పాఠంలో, ఫోటో చూసి మొక్క పేరు చెప్పే ప్లాంట్‌నెట్, ఐనాచురలిస్ట్ యాప్‌లు రెండూ ఫోనులో వేసుకున్నాం. కెమెరాకు లొకేషన్ ఆన్ చేసుకున్నాం. రెండో పాఠంలో ఇంటి చుట్టుపక్కల ఖాళీ జాగాలకు, చేలగట్లకు మ్యాపులో గుర్తులు పెట్టుకున్నాం. ఈ పాఠమంతా దాదాపు ఒక్క మొక్క గురించే. దాని పేరు గంగవాయిలి. గంగపాయల అనే ఇళ్లున్నాయి, పావిలాకు అనేవాళ్లూ ఉన్నారు. ఊరూరికీ పేరు మారుతుంది. అంతకంటే ఇబ్బంది ఏమిటంటే ఒకే పేరుతో రెండు మొక్కలుంటాయి. గలిజేరు అనే మాటనే చూడండి, ఒక ఊళ్లో ఒక మొక్కకు, పక్క ఊళ్లో ఇంకో మొక్కకు చెప్తారు. అందుకని యాప్‌లో వెతికేటప్పుడు శాస్త్రీయ నామమే వాడాలి. గంగవాయిలికి అది పోర్టులాకా ఒలరేసియా.

చేలోకి వెళ్లేముందు రైతుబజారుకు వెళ్లండి. విజయవాడ పటమటలోనో, గుంటూరు చుట్టుగుంటలోనో ఆకుకూరలమ్మే వాళ్ల దగ్గర గంగవాయిలి కట్ట అడగండి. ఇవాళ లేకపోతే ఎప్పుడు తెస్తారో కనుక్కోండి. ఆ కట్టలో సగం వండుకోండి. మిగిలిన సగంలోంచి నాలుగు కాడలు తీసి, వెడల్పాటి కుండీలో ఇసుక కలిపిన మట్టిలో గుచ్చండి. ఎండ తగిలేచోట పెట్టి, మట్టి ఆరినప్పుడల్లా కాసిని నీళ్లు చల్లితే వేళ్లు పోసుకుంటాయి. ఇక మీ కళ్ల ముందే అసలు మొక్క ఉంటుంది. ఫోనులోని వంద ఫోటోలకంటే ఈ కుండీ ఎక్కువ నేర్పుతుంది. చేలో అనుమానమొచ్చిన కొమ్మను తెచ్చి దీని పక్కన పెట్టి చూడొచ్చు.

ఇప్పుడు ఫోటోలు. ఒక్క ఫోటో తీసి పేరు అడగడం అందరూ చేసే తప్పు. ప్లాంట్‌నెట్ ఒకే మొక్కవి కొన్ని ఫోటోలు కలిపి తీసుకుంటుంది. ప్రతి ఫోటోకూ అది ఆకా, పువ్వా, కాయా, మొత్తం మొక్కా అని మీరే చెప్పాలి. గంగవాయిలికి కనీసం మూడు కావాలి. మొదటిది, ఒకే ఆకును తుంచి తెల్ల కాగితం మీద పరిచి తీసింది. రెండోది, కొమ్మ కొస. పువ్వు, మొగ్గ, కాయ ఉండేది అక్కడే. మూడోది, నిలబడి పైనుంచి తీసిన మొక్క మొత్తం. నేల మీద ఎలా పరుచుకుందో అందులో కనపడాలి.

ఫోనును ఆకుకు మరీ దగ్గరగా పెట్టకండి. నాలుగైదు వేళ్ల దూరంలో చాలా ఫోన్లకు ఫోకస్ కుదరదు, ఆకు మసకబారి వెనకనున్న మట్టి స్పష్టంగా వస్తుంది. జానెడు దూరం జరిగి 2x జూమ్ పెట్టి, తెరమీద ఆకు ఉన్నచోట వేలితో తట్టండి. ఫ్లాష్ వద్దు. గంగవాయిలి ఆకు నున్నగా, మందంగా ఉంటుంది కాబట్టి ఎండ పడితే తెల్లగా మెరిసి, ఆకు రంగే మారిపోతుంది. మీ ఒంటి నీడ పడేలా నిలబడితే చాలు. పది రూపాయల బిళ్ల పక్కన పెట్టి ఇంకో ఫోటో తీయండి, కానీ అది యాప్‌కు ఇవ్వొద్దు, మీ దగ్గరే ఉంచుకోండి. బిళ్ల అడ్డం 27 మిల్లీమీటర్లు. గంగవాయిలి ఆకు మామూలుగా ఆ బిళ్లంత గానీ, అంతకంటే చిన్నగా గానీ ఉంటుంది.

ఫోటో వేళ కూడా చూసుకోవాలి. దీని పసుపుపచ్చ పూలు ఎండెక్కాక విచ్చుకుని కొద్ది గంటల్లోనే ముడుచుకుంటాయి. తొమ్మిదిన్నర, పది మధ్య వెళ్తే పువ్వు దొరుకుతుంది. కూరకు కోసేది మాత్రం తెల్లవారుజామునే. నీటి ఎద్దడిలో ఉన్న మొక్క రాత్రిపూట గాలి పీల్చి, ఆకుల్లో మాలిక్ ఆమ్లం నిలవ చేసుకుంటుంది, పగలు దాన్ని వాడేసుకుంటుంది. అందుకే పొద్దున్నే కోసిన ఆకు పుల్లగా, సాయంత్రం కోసింది చప్పగా ఉంటుంది. ఇవాళ పదింటికి ఫోటో తీసి గుర్తు పెట్టుకుని, నిర్ధారణ అయ్యాక మర్నాడు తెల్లారి కోసుకోండి. ఈ ఒకరోజు వ్యవధి తొందరపాటును కూడా ఆపుతుంది.

యాప్ పేర్ల వరుస ఇస్తుంది, పక్కనే శాతాలుంటాయి. 85 శాతం అని వస్తే మీ ఫోటో తన దగ్గరున్న ఆ మొక్క ఫోటోలకు అంతగా పోలుతోందని అర్థం. అంతేగాని, తింటే 85 పాళ్లు క్షేమమని కాదు. తినొచ్చా అనే ప్రశ్నకు ఆ శాతం జవాబు చెప్పదు. మొదటి పేరును చూసినంత శ్రద్ధగా రెండో పేరునూ చూడండి. రెండూ దగ్గర దగ్గర శాతాల్లో ఉంటే ఫోటోలు మళ్లీ తీయాలి. రెండో పేరు యుఫోర్బియా (పాలు కారే నానబాలు జాతి) అని మొదలైతే, శాతం ఎంత తక్కువైనా సరే, కింద చెప్పే పాల పరీక్ష చేయకుండా ముందుకు వెళ్లొద్దు.

పాల పరీక్ష ఇది. కాడను గోటితో గిల్లండి. గంగవాయిలి కాడ గుండ్రంగా, నున్నగా, సాధారణంగా ఎర్రబారి, నీళ్లు నింపిన గొట్టంలా మెత్తగా ఉంటుంది. విరిస్తే టప్‌మని తెగి, నీటిలాంటి జిగురు చెమ్మ వస్తుంది. తెల్లటి పాలు కారితే అది గంగవాయిలి కాదు. నేలకు అతుక్కుని పాకే నానబాలు జాతి అది. ఇటుకల సందుల్లో, చెప్టాల పగుళ్లలో రెండూ పక్కపక్కనే మొలుస్తాయి, పైనుంచి తీసిన ఫోటోలో యాప్ సైతం పొరబడుతుంది. నానబాలు కాడ సన్నగా తీగలా ఉంటుంది. ఆకు పలచన, బిళ్ల పక్కన పెడితే అందులో నాలుగో వంతు ఉండటమే గొప్ప. పాలు తగిలిన చేతిని కంట్లో పెట్టుకోకండి, కన్ను భగ్గుమంటుంది. వెంటనే చేతులు కడుక్కోవాలి. ఒక కాడకు పాలు రాలేదని సరిపెట్టుకోవద్దు. ఎండకు వడిలిన కాడలో పాలు బయటికి రాకపోవచ్చు. అదే మొక్కలో మూడు చోట్ల, లేత కొసల్లో గిల్లి చూడండి.

పాలు రాకపోతే ఆకుల జంటను చూడాలి. ఇక్కడ ఎక్కువమందిని మోసం చేసేది అంబటిమాడు, అంటే తెల్ల గలిజేరు. శాస్త్రీయ నామం ట్రయాంథిమా పోర్టులాకాస్ట్రమ్. పేరులోనే పోలిక ఉంది చూశారా! దీని ఆకూ మందమే, కాడా ఎర్రనే, పాలూ ఉండవు. తేడా ఒక్కటే పట్టిస్తుంది. కణుపు దగ్గర ఎదురెదురుగా ఉన్న రెండాకుల్లో ఒకటి పెద్దది, ఒకటి చిన్నది. అన్నదమ్ముల్లా కాదు, తల్లీబిడ్డల్లా ఉంటాయి. దాని పువ్వు తెలుపు, లేత గులాబీ రంగుల్లో ఆకు మొదట్లోని తొడుగులో సగం దాగి ఉంటుంది. గంగవాయిలి పువ్వు పసుపు, కొమ్మ కొసన ఆకుల గుత్తి నడుమ పైకే కనపడుతుంది. అంబటిమాడు లేత ఆకులు వండుకునేవాళ్లున్నారు గానీ ముదురాకు తింటే విరేచనాలవుతాయి. ఈ పాఠం వరకు దాన్ని పక్కన పెట్టేయండి.

మూడోది కాయ. నానబాలును వేరు చేయడానికి నా దృష్టిలో దీనంత నమ్మకమైన ఆనవాలు లేదు. పువ్వు రాలిన చోట గింజంత పచ్చ కాయ ఉంటుంది. ముదిరినదాన్ని గోటితో పైకి నెడితే కుంకుమ భరిణె మూతలా అడ్డంగా ఊడివస్తుంది, లోపల ఆవగింజకంటే చిన్న నల్ల గింజలు. ఈ మూత ఊడటాన్ని ఫోనులో వీడియో తీసి ఉంచుకోండి. నానబాలు కాయ మూడు పలకలుగా ఉంటుంది, మూత ఉండదు.

ఆకులు మరీ చిన్నగా ఉండి, కణుపుల దగ్గర తెల్లటి నూగు కనిపించి, పువ్వుకు రేకులు నాలుగే ఉంటే అది సన్న పావిలి, గంగవాయిలికి చెల్లెలు. దాన్నీ వండుకుంటారు. కుండీల్లో పెంచే రంగురంగుల పూల నాచుగులాబీ కూడా ఈ కుటుంబమే. యాప్ దాన్నీ పోర్టులాకా అనే చూపిస్తుంది. నర్సరీ మొక్కకు ఏ మందు కొట్టారో మనకు తెలియదు కాబట్టి అది కూరకు పనికిరాదు.

రుచి చూసి గుర్తుపట్టే అలవాటు ఎవరికైనా ఉంటే ఇక్కడితో మానేయాలి. పేరు తేలాకే నోట్లో పెట్టాలి.

నిర్ధారణకు మనుషుల సాయమూ తీసుకోవాలి. ఐనాచురలిస్ట్‌లో అవే ఫోటోలు పెట్టండి. తేదీ, చోటు, ఫోటో సరిగ్గా ఉండి, గుర్తించినవాళ్లలో మూడింట రెండు వంతులకు పైగా, కనీసం ఇద్దరు, ఒకే జాతి అంటే దానికి రీసెర్చ్ గ్రేడ్, అంటే పేరు నలుగురూ ఒప్పుకున్నారనే గుర్తు, వస్తుంది. కుండీ మొక్క పెడితే పెంపకపు మొక్క అని గుర్తు పెట్టడం మరవొద్దు. చోటు అందరికీ తెలియడం ఇష్టం లేకపోతే లొకేషన్‌ను అబ్‌స్క్యూర్డ్ చేయండి, ఇరవై కిలోమీటర్ల పైచిలుకు గడిలో ఎక్కడో ఒకచోట చుక్క చూపిస్తుంది. ఇక చేలో కలుపు తీసే ఆడవాళ్లు కనపడితే ఫోను జేబులో పెట్టి కొమ్మ చేతికిచ్చి అడగండి: "దీన్నేమంటారమ్మా? మీ ఇంట్లో వండుకుంటారా?" రెండో ప్రశ్న ముఖ్యం. పేరు తెలియడం వేరు, వండి తిని ఉండటం వేరు. ఊళ్లో పెద్దవాళ్లకు వాట్సాప్‌లో ఫోటో పంపేటప్పుడు డాక్యుమెంటుగా పంపండి. మామూలు ఫోటోగా పంపితే నాణ్యత తగ్గుతుంది, లొకేషనూ పోతుంది.

మొక్క సరైనదే అయినా నేల సరైనది కాకపోవచ్చు. గంగవాయిలికి తవ్విన నేల, ఎండ, కాస్త తడి కావాలి. ఉండవల్లి, పెనుమాక వైపు కూరగాయల మడుల్లో, కృష్ణ లంకల ఇసుక నేలల్లో, తొలకరి పడ్డ రెండు మూడు వారాలకు బాగా వస్తుంది. గుంటూరు చుట్టూ మిరప, పత్తి చేలల్లోనూ ఏపుగా ఉంటుంది. అక్కడే వద్దనేది. మిరపకు మందులు పదేపదే కొడతారు, అవి కలుపు మీదా పడతాయి. రైతును సూటిగా అడగాలి: "మందు కొట్టి ఎన్నాళ్లయింది? గట్టుకు గడ్డిమందు కొట్టారా?" గట్టు మీద ఒక చాలు మేరకు గడ్డంతా ఒకేలా పసుపుబారి వాడుతుంటే అడగకుండానే జవాబు దొరికినట్టు. విజయవాడలో ఏలూరు, బందరు, రైవస్ కాలువల ఒడ్డున మురుగు కలిసేచోట్ల ఏ కూరా కోయొద్దు. హైవే పక్కన, కుక్కలు తిరిగే ఖాళీ స్థలాల్లోనూ అంతే. ఇలాంటి చోట్లకు మ్యాపులో ఎర్ర గుర్తు పెట్టండి, ఫోటో తీసి నేర్చుకోవడానికి అవి పనికొస్తాయి. కోసే చోట్లకు వేరే రంగు గుర్తు ఉండాలి. కొండపల్లి రిజర్వు అడవిలో అనుమతి లేకుండా కోయడం మొదటికే కుదరదు.

వంటకు లేత కొసలు జానెడు వరకు తుంచండి, వేరు పీకకండి. ఇసుక కణుపుల్లో ఇరుక్కుంటుంది, మూడుసార్లు నీళ్లు మార్చి కడగాలి. అర గ్లాసు కందిపప్పుకు రెండు గుప్పిళ్ల ఆకు సరిపోతుంది. ఆకులోనే పులుపుంది, చింతపండు సగానికి తగ్గించండి. ఇందులో ఆక్సలేట్లు ఎక్కువ. మూత్రపిండాల్లో రాళ్లున్నవాళ్లు తినకపోవడమే మేలు. మిగతావాళ్లు ఉడికించి ఆ నీళ్లు వంపేస్తే కొంత తగ్గుతాయి. మొదటిసారి ఒకటి రెండు చెంచాలే తిని, ఒకరోజు ఆగండి. పిల్లలకు ఆ తర్వాతే. తప్పు మొక్క తిన్నామని అనుమానమొస్తే వాంతి చేయించే ప్రయత్నం చేయకండి. 108కి ఫోను చేసి, మిగిలిన మొక్కను, తీసిన ఫోటోలను ఆసుపత్రికి వెంట తీసుకెళ్లండి.

వచ్చే పాఠానికి ముందు చేయాల్సిన పని: మూడు వేర్వేరు చోట్ల గంగవాయిలిని, ఒక్కచోట నానబాలును వెతికి, ఒక్కోదానికి ఆకు, కొమ్మ కొస, మొత్తం మొక్క ఫోటోలు తీయండి. ఒక్కోదాని కింద నాలుగు మాటలు రాయండి: పాలు వచ్చాయా, ఆకుల జంట ఎలా ఉంది, కాయకు మూత ఉందా, నేల ఎలాంటిది. 4వ పాఠంలో పొన్నగంటి కూర చూస్తాం. దాని తెల్ల పూలగుత్తి ఆకు మొదట్లో కాడ లేకుండా కూర్చుంటుంది. నీళ్లమీద చాపలా అల్లుకునే ఎలిగేటర్ వీడ్‌కు మాత్రం అదే గుత్తి పొడవాటి కాడ చివరన ఉంటుంది, కొమ్మ లోపల డొల్ల. ఆస్ట్రేలియాలో స్థిరపడ్డ శ్రీలంక కుటుంబాలు పొన్నగంటి అనుకుని పెరళ్లలో పెంచుకున్నది ఈ రెండోదాన్నే. కాలువ గట్టున ఎక్కడైనా కనపడితే పూలగుత్తి పక్కనుంచి ఒక ఫోటో తీసి ఉంచండి, పాఠం దాంతోనే మొదలవుతుంది.