మార్చిలో ఒక వెచ్చటి రోజు: షికాగోకు కొత్తగా వెళ్ళే సీమవారికి సూచనలు

అనంతపురం, కర్నూలు, కడప ప్రాంతాల నుంచి ఆగస్టులోనో జనవరిలోనో షికాగోకు చేరే విద్యార్థులకు, ఉద్యోగులకు, పిల్లల దగ్గరికి వెళ్ళే తల్లిదండ్రులకు అక్కడి చలి గురించి చెప్పేవారు చాలామందే ఉంటారు. ఎలాంటి కోటు కొనాలి, ఎలాంటి బూట్లు వేసుకోవాలి, హీటరు ఎంతలో పెట్టుకోవాలి అన్న విషయాలు విమానం ఎక్కకముందే తెలిసిపోతాయి. అయితే ఆ చలికాలం ఇంకా ముగియకుండానే, ఫిబ్రవరి చివరిలోనో మార్చి మొదట్లోనో, ఉన్నట్టుండి మన డిసెంబరు నెల పొద్దుటెండ లాంటి ఎండతో ఒక రోజు వస్తుందనీ, దాన్ని ఎలా గడుపుకోవాలో ముందే తెలుసుకుని ఉండాలనీ చెప్పేవారు అరుదు. అక్కడ కొన్నేళ్ళు ఉండి ఇప్పుడు అనంతపురంలో స్థిరపడిన నేను, మొదటి ఏడాదిలో మనిషికి అంత మేలు చేసే రోజు మరొకటి ఉండదని నమ్ముతాను. అందుకే ఈ సూచనలు రాస్తున్నాను.

అన్నిటికంటే ముందు మనకు పుట్టుకతో వచ్చిన ఒక అలవాటును పక్కన పెట్టాలి. మనం ఎండను తప్పించుకుంటూ పెరిగినవాళ్ళం. శివరాత్రికి చలి శివశివా అంటూ పోతుందన్న మాట సీమలో ఏటా నిజమవుతూనే ఉంటుంది. ఆ పండుగ దాటిందంటే పదిగంటలలోపే బయటి పనులు ముగించుకుని, మధ్యాహ్నం తలుపులు దగ్గరికి వేసుకుని, పొద్దు వాలాక మిద్దె మీదికి చేరి గాలి పోసుకుంటాం. షికాగోలో ఈ లెక్క పూర్తిగా తిరగబడుతుంది. అక్కడ మార్చిలో తెల్లవారుజామునే చలి అన్నిటికంటే ఎక్కువ. మధ్యాహ్నం ఒంటిగంట నుంచి నాలుగు గంటల వరకే ఒంటికి హాయిగా ఉంటుంది. కాబట్టి బయటికి వెళ్ళడాన్ని సాయంత్రానికి వాయిదా వేయకండి. వంట, బట్టలు ఉతకడం, ఇంటికి ఫోన్లు చేయడం చీకటి పడ్డాక చేసుకోవచ్చు. తరగతి ఉంటే తరగతి అయిన వెంటనే, ఉద్యోగమైతే భోజన విరామంలో అరగంటైనా సరే, ఎండలో నిలబడండి.

పొద్దున్నే నడకకు బయలుదేరే పెద్దవారికి ఈ విషయం మరీ గట్టిగా చెప్పాలి. కడపలో కోడి కూయకముందే లేచి నడిచి వచ్చే నాన్నగారు అక్కడ కూడా ఆరుగంటలకే బూట్లు కట్టుకుంటారు. పగలు కరిగిన మంచునీరు రాత్రి చలికి మళ్ళీ గడ్డకట్టి, కాలిబాట మీద కంటికి ఆనని పలుచటి పొరగా మారుతుంది. చూడటానికి తడిసిన నేలలాగే ఉంటుంది, కాలు పెడితే జారుతుంది. ఆ వయసులో తుంటి ఎముక విరిగితే ఆరు నెలల కోసం వచ్చిన ప్రయాణమంతా మంచం మీదే గడిచిపోతుంది. ఎండ నేల మీద బాగా పడి, ఆ పొర కరిగిన తరువాతే వారిని బయటికి తీసుకువెళ్ళాలి.

ఇక ఆ రోజు ఎందుకు వస్తుందో, ఎప్పుడు వెళ్ళిపోతుందో తెలిసి ఉంటే సగం ఇబ్బందులు తప్పుతాయి. మార్చి మొదట్లో షికాగోలో పగటి గరిష్ఠ ఉష్ణోగ్రత సగటున ఆరేడు డిగ్రీల సెల్సియస్‌కు మించదు. దక్షిణాన ఉన్న మెక్సికో గల్ఫ్ వైపు నుంచి వెచ్చటి గాలి అడ్డు లేకుండా పైకి వీచినప్పుడు మాత్రం అది ఇరవై దాటుతుంది. 2012 మార్చిలో అయితే వరుసగా ఎన్నో రోజులు 80 డిగ్రీల ఫారెన్‌హీట్, అంటే సుమారు 27 సెల్సియస్, దాటి అందరినీ ఆశ్చర్యపరిచింది. అయితే అంతటి వరుస చాలా అరుదు. మామూలుగా ఒకటి రెండు రోజులలోనే వాయవ్యం నుంచి చలిగాలి వచ్చి ఆ వెచ్చదనాన్ని ఊడ్చుకుపోతుంది. 2024 ఫిబ్రవరి 27న నగరంలో 70 డిగ్రీల ఫారెన్‌హీట్ దాటి ఎండ కాసింది. ఆ సాయంత్రం ఉత్తర ఇల్లినాయ్‌లో ఉరుములతో తుఫానులు, సుడిగాలులు వచ్చాయి. మరునాటి ఉదయానికి ఉష్ణోగ్రత నీరు గడ్డకట్టే స్థాయికి దిగువకు పడిపోయింది. మన ఊళ్ళో ఒక్క రాత్రిలో ఇంత మార్పు ఊహకు కూడా అందదు.

అందువల్ల ఇల్లు కదిలే ముందు అమెరికా జాతీయ వాతావరణ సేవా విభాగం ఉచితంగా ఇచ్చే గంటల వారీ సూచనను తప్పకుండా చూడండి. చాలామంది గరిష్ఠ ఉష్ణోగ్రత ఒక్కటే చూసి ఆగిపోతారు. చూడవలసింది గాలి దిశ. దక్షిణపు గాలి ఏ గంటకు వాయవ్యపు గాలిగా మారుతుందని రాసి ఉందో, ఆ గంటకు ముందే ఇంటికి చేరాలి. సుడిగాలి గురించి ఫోనుకు వచ్చే సందేశంలో ‘వాచ్’ అని ఉంటే అందుకు అనువైన వాతావరణం ఉందని అర్థం. ‘వార్నింగ్’ అని ఉంటే ఆలోచించకుండా నేలమాళిగలోకి, అది లేకపోతే కిటికీలు లేని లోపలి గదిలోకి వెళ్ళాలి. నెలలో మొదటి మంగళవారం ఉదయం పదిగంటలకు మోగే సైరను పరీక్ష కోసమే. దానికి కంగారు పడనక్కరలేదు.

ఉడుపుల విషయంలో మన వారు రెండు వైపులా పొరపడతారు. కొందరు ఎండను చూసి చొక్కాతోనే బయలుదేరతారు, మరికొందరు జనవరి కోటు వదలరు. లోపల నూలు చొక్కా, పైన స్వెట్టరు, సంచిలో గాలిని ఆపే పలుచటి జాకెట్టు ఉంటే ఆ రోజుకు సరిపోతుంది. పది డిగ్రీలకే నిక్కర్లతో పరుగెత్తే అక్కడి కుర్రవాళ్ళను చూసి మీరు అనుకరించకండి. మన ఒళ్ళు అలవాటు పడటానికి సమయం పడుతుంది. చెట్లకు ఇంకా ఆకు రాదు కాబట్టి పార్కులో ఎక్కడా నీడ ఉండదని కూడా గుర్తుంచుకోండి. మార్చి మూడో వారంలో సూర్యుడు సెప్టెంబరు మూడో వారంలో ఉన్నంత ఎత్తులోనే ఉంటాడు. పక్కన మంచు మిగిలి ఉంటే దాని మీద పడిన వెలుగు కూడా ముఖానికే కొడుతుంది. నల్లటి ఒంటికి ఎండ అంటదనుకోవడం పొరపాటు. చలువ కళ్ళద్దాలు, సన్‌స్క్రీన్ వాడటం మంచిది.

ఎక్కడికి వెళ్ళాలంటే నా మాట లింకన్ పార్కు. అక్కడి జంతు ప్రదర్శనశాలకు ప్రవేశం ఉచితం, పక్కనే మిషిగన్ సరస్సు. సరస్సు ఒడ్డు వెంబడి 18 మైళ్ళ బాట ఉంది. అందులో రెండు మైళ్ళు నడిచినా మనసు తేలికపడుతుంది. కాని గాలి సరస్సు మీదుగా వీచిన రోజు ఒడ్డున ఉష్ణోగ్రత ఊరి లోపలి కంటే ఎన్నో డిగ్రీలు తక్కువగా ఉంటుంది. ఆకాశం ఎంత వెచ్చగా కనిపించినా నీళ్ళు అప్పుడే కరిగిన మంచులాగే ఉంటాయి. తుంగభద్రలో ఈత నేర్చిన కర్నూలు కుర్రవాడికైనా ఆ నీటిలో పడితే ఊపిరి బిగుసుకుపోతుంది, నిమిషాలలో చేతులు మాట వినవు. ఒడ్డును అంటుకుని తెల్లగా పేరుకుని ఉండే మంచు దిమ్మెల కింద చాలాచోట్ల నేల ఉండదు, ఖాళీ ఉంటుంది. ఫొటో కోసం వాటి మీదికి ఎక్కవద్దు, పిల్లలను ఎక్కనివ్వవద్దు. ఈత కోసం బీచ్‌లు తెరిచేది మే చివరలోనే.

తినడానికి ఏమి తీసుకువెళ్ళాలన్నది నాకు చాలా ఇష్టమైన విషయం. ఆ రోజుకు ఉగ్గానిని మించింది లేదు. డెవాన్ అవెన్యూలోని మన దుకాణాలలో బొరుగులు మమ్రా అనే పేరుతో దొరుకుతాయి. వాటిలో లావుగా ఉన్నవే ఎంచుకోండి, పలుచటివి నీళ్ళలో వేయగానే ముద్దవుతాయి. బొరుగులను ఒక్కసారి ముంచి, రెండు అరచేతుల మధ్య గట్టిగా పిండి, ఉల్లిపాయ, పచ్చిమిరప, పసుపు వేసిన పోపులో కలిపి, దించాక పప్పుల పొడి చల్లి నిమ్మకాయ పిండితే, డబ్బాలో మూడు గంటలు ఉన్నా రుచి చెడదు. బజ్జీలు మాత్రం మెత్తబడతాయి కాబట్టి ఇంట్లోనే తిని బయలుదేరండి. వేయించిన చెనిక్కాయలు కూడా పట్టుకుపోవచ్చు గాని, మన అనంతపురం వారు నమ్మలేని ఒక సంగతి చెప్పాలి: అక్కడ చెనిక్కాయ కొంచెం తిన్నా ప్రాణం మీదికి వచ్చే పిల్లలు చాలామంది ఉన్నారు. పక్కన ఆడుకునే పాప ముద్దుగా ఉందని, తల్లిని అడగకుండా చేతిలో గుప్పెడు పోయకూడదు. కింద కూర్చోవాలంటే మామూలు చాప చాలదు. పచ్చగా, ఆరినట్టు కనిపించే గడ్డి కింద నేల కరిగిన నీటితో నానిపోయి ఉంటుంది. అడుగున ప్లాస్టిక్ పట్టా పరిచి దాని మీద చాప వేసుకోవాలి.

మూడు నెలలుగా ఎదురింటి తలుపు తప్ప మనుషులు కనపడని వీధిలో, ఆ రోజు అందరూ బయటే ఉంటారు. పేరు తెలియని పొరుగువారు కూడా ఎండ గురించి ఒక మాట అంటారు. మొహమాటంతో తల వంచుకుని వెళ్ళిపోకండి. నిలబడి మీ పేరు చెప్పండి, వారి పేరు అడగండి. ఆ చిన్న పరిచయమే తరువాత మంచు కురిసిన రోజున బండి ఇరుక్కుంటే తోసే సహాయంగా మారడం నేను చూశాను. కుక్కను ముట్టుకునే ముందు యజమానిని అడగాలి.

కూతురి కాన్పుకు వెళ్ళిన అమ్మలకు, మనవళ్ళను చూసుకునే అత్తగార్లకు ఆ రోజు ఇంకా ముఖ్యం. సాయంత్రం నాలుగున్నర లోపే పొద్దు కుంకే డిసెంబరు అంతా వారు గదిలోనే గడిపి ఉంటారు. చాలామంది దిగులును బయటికి చెప్పరు, తిండి తగ్గిస్తారు. కొడుకు, కోడలు ఆఫీసుకు ఒక పూట సెలవు పెట్టి అయినా వారిని ఎండలో కూర్చోబెట్టాలని గట్టిగా కోరుతున్నాను. మార్చి రెండో ఆదివారం గడియారాలను గంట ముందుకు జరుపుతారు కాబట్టి, ఆ తరువాత ఇలాంటి రోజు వస్తే సాయంత్రం ఆరున్నరకు కూడా వెలుతురు ఉంటుంది.

ఇంటి సంగతి కూడా చూసుకోవాలి. బయలుదేరే ముందు హీటరు ఆపి, కిటికీలు పావుగంట తెరిస్తే నెలల తరబడి నిలిచిపోయిన పోపు వాసన పోతుంది. కిటికీలు మూశాక హీటరును మళ్ళీ కనీసం 55 డిగ్రీల ఫారెన్‌హీట్ మీద ఉంచడం మరవకండి. వెచ్చగా ఉందని పూర్తిగా కట్టేసి వెళితే, రాత్రి చలి తిరిగి వచ్చినప్పుడు గోడలోని నీటి పైపులు పగిలే ప్రమాదం ఉంది. ఊరి బయట అడవి బాటల్లో నడిచి వచ్చినట్టయితే పిల్లల చెవుల వెనుక, మోకాళ్ళ వెనుక, నడుము దగ్గర వెతకండి. పశువులకు పట్టే పిడుదుల వంటి పురుగులు అక్కడ మార్చి నుంచే తిరుగుతాయి, వాటి వల్ల లైమ్ అనే జబ్బు వస్తుంది. ఒకటి కనిపిస్తే సన్నటి పట్టకారుతో చర్మానికి ఆనించి పట్టుకుని నిదానంగా పైకి లాగి, ఆ చోట సబ్బుతో కడగండి. తరువాతి వారాలలో జ్వరమో, గుండ్రంగా వ్యాపించే ఎర్రటి మచ్చో కనిపిస్తే డాక్టరు దగ్గరికి వెళ్ళి, అది కరిచిన తేదీ చెప్పండి.